పొయ్యి ఆదుకోని వంట

స్టార్ హోటల్ వంటగదిలో అడుగుపెడితే ముందు చెవులు అదురుతాయి. బర్నర్ల హోరు, పెనాల చప్పుడు, ఆర్డర్ చదివే గొంతు, దానికి ‘యెస్ చెఫ్’ అంటూ నలుమూలల నుంచి బదులు. ఆ సెగనీ సందడినీ దాటి వెనక్కి వెళ్తే, ఎప్పుడూ తలుపు మూసి ఉంచే గది ఒకటి కనిపిస్తుంది. లోపల చలి. స్టీలు బల్లలు, ఎరుపు, నీలం, ఆకుపచ్చ చాపింగ్ బోర్డులు, ఐసు నింపిన ట్రేలు, గోడకు తగిలించిన ఉష్ణోగ్రతల చార్టు. అందరూ తల వంచుకుని పనిచేస్తుంటారు. హోటళ్లలో దీన్ని కోల్డ్ కిచెన్ అంటారు. పాతతరం చెఫ్‌లకు ఇది లార్డర్. ఫ్రెంచి పద్ధతిలో శిక్షణ పొందినవాళ్లకు గార్డ్ మాంజే. సలాడ్లు, శాండ్‌విచ్‌లు, చల్లటి సాస్‌లు, ఉప్పులో ఊరిన చేప, జెల్లీ పోసిన మాంసం, చీజ్ పళ్లేలు... బఫేలో అతిథి చేయి మొదట వెళ్లే వంటకాలన్నీ ఈ గదిలోంచే వస్తాయి.

బయటివాళ్లకు ఇది తేలిక పనిలా కనిపిస్తుంది. కోసి పేర్చడమే కదా అనుకుంటారు. హోటల్ మేనేజ్‌మెంట్ చదివే పిల్లల్లో చాలామంది చూపు కూడా తందూర్ మీదో, చైనీస్ రేంజ్ మీదో ఉంటుంది. మంట ఎగసిపడే చోటే వంట ఉందన్న భ్రమ అది. నా మటుకు నాకు, వంటగది మొత్తంలో అన్నిటికన్నా కఠినమైన విద్య ఈ చల్లటి గదిలోనే ఉందనిపిస్తుంది. వేడి వంటలో చేయి తప్పితే పొయ్యి ఆదుకుంటుంది. పులుసు పలచనైతే ఇంకాసేపు మరిగించవచ్చు. ఉప్పు చాలకపోతే చివర్లో వేసి కలపవచ్చు. కూరగాయను సరిగా కడగకపోయినా చాలావరకు మంట చూసుకుంటుంది. చల్లటి వంటకానికి ఈ వెసులుబాటు ఏదీ లేదు. రుచి, బిగువు, రంగు, భద్రత అన్నీ ముందే కుదరాలి. పళ్లెం బయటికి వెళ్లాక దిద్దుకునే అవకాశం రాదు.

ఐసు నడిచిన దారి

ఫ్రాన్సులో ప్రభువుల కోటల్లో మాంసం, వేటాడి తెచ్చిన పక్షులు, వెన్న, చీజ్ దాచడానికి చల్లటి నేలమాళిగలు ఉండేవి. ఆ సరుకును కాపాడేవాడు, కోసి పంచేవాడు, పాడవకముందే ఉప్పులోనో కొవ్వులోనో నిలవ చేసేవాడు ఒక్కడే. నేటి గార్డ్ మాంజే చెఫ్‌కు మూలపురుషుడు అతనే. పెద్ద హోటళ్లలో మాంసం, చేపలు ముక్కలుగా కోసి, తూచి, మిగతా విభాగాలకు అందించే బాధ్యత చాలాకాలం ఈ గదిదే. కోసేటప్పుడు మిగిలే తునకలను పారేయడానికి మనసొప్పని చోటే పాటే, టెరీన్ లాంటి వంటకాలు పుట్టాయి. ఈ రోజు వాటిని విలాసంగా చూస్తాం. వాటి పుట్టుక మాత్రం పొదుపులో ఉంది.

1833లో కన్నుమూసిన మారీ ఆంటొనిన్ కారెమ్ ఈ విద్యను రాజుల విందు బల్లల మీద ప్రదర్శన స్థాయికి తీసుకెళ్లాడు. కొవ్వుతో, మైనంతో చేసిన పీఠాలూ, వాటి మీద జెల్లీతో మెరిసే పక్షి మాంసమూ ఆ రోజుల్లో వైభవానికి గుర్తులు. ఆయన తర్వాత తరంలో వచ్చిన ఆగస్ట్ ఎస్కాఫియే దారి వేరు. 1870లో ఫ్రాన్సు-ప్రష్యా యుద్ధంలో సైన్యానికి వండిపెట్టిన అనుభవం ఆయనది. లండన్ సవాయ్ హోటల్‌లో వంటగదిని విభాగాలుగా విడగొట్టి, ఒక్కోదానికి ఒక్కో అధిపతిని పెట్టి, చల్లటి వంటకాలన్నీ ఒకే చేతికి అప్పగించాడు. 1903లో అచ్చయిన ఆయన ‘లె గీద్ క్యులినేర్’ నేటికీ చెఫ్‌ల బల్ల మీద ఉంటుంది. పళ్లెంలో తినలేనిది ఏదీ ఉండకూడదన్న పట్టుదల ఆయనది. అలాగని అందాన్ని వదులుకోలేదు. ఆస్ట్రేలియా గాయని నెల్లీ మెల్బా కోసం 1890ల్లో ఆయన పంపిన పీచ్ పళ్లూ, వెనీలా ఐస్‌క్రీమూ మంచుతో చెక్కిన హంస రెక్కల మధ్య కూర్చుని బల్ల మీదికి వచ్చాయి. రాస్ప్‌బెర్రీ సాస్ ఆ తర్వాత చేరింది.

ఈ మెరుపులన్నిటి వెనకా ఐసు ఉంది. యంత్రాలు రాకముందు అది గడ్డకట్టిన సరస్సుల నుంచే రావాలి. బోస్టన్ వ్యాపారి ఫ్రెడరిక్ ట్యూడర్ 1833లో రంపపు పొట్టు మధ్య ఐసు దిమ్మలు పేర్చి ఓడలో కలకత్తాకు పంపాడు. మద్రాసు సముద్రపు ఒడ్డున 1842లో కట్టిన ఐస్ హౌస్ ఆ వ్యాపారానిదే. 1897లో విదేశాల నుంచి తిరిగొచ్చిన వివేకానందుడు బస చేసింది ఆ భవనంలోనే. మద్రాసు ప్రెసిడెన్సీ దొరల విందుల్లో చల్లటి జెల్లీ వణికిందంటే, అమెరికా సరస్సులోని నీరు అర్ధభూగోళం చుట్టి వచ్చిందన్నమాట. 1870ల్లో జర్మనీ ఇంజినీరు కార్ల్ ఫాన్ లిండె అమ్మోనియాతో పనిచేసే శీతల యంత్రాన్ని తెచ్చాక గానీ ఈ అవస్థ తీరలేదు.

ఒక కోడి, రెండు రోజులు

ఈ విద్యలోని కష్టం తెలియాలంటే గాలంటీన్ తయారీని దగ్గరుండి చూడాలి. కోడిని వీపు వైపు నుంచి చీల్చి, చర్మం ఎక్కడా చిరగకుండా ఎముకలన్నీ తీసేయాలి. చేయి తిరిగిన వాడు కత్తి మొనను ఎముకకే ఆనించి గీరుకుంటూ పోతాడు. చర్మం మీద వేలెడు చిరుగు పడినా లోపలి సరుకు ఉడికేటప్పుడు బయటికి వస్తుంది. తర్వాత కండనూ కొవ్వునూ విడివిడిగా కైమా చేసి, ఉప్పు కలిపి, మెత్తగా రుబ్బుతారు. దీన్నే ఫోర్స్‌మీట్ అంటారు. ఉప్పు తగలగానే కండలోని మాంసకృత్తులు కరిగి జిగురుగా మారి, కొవ్వు రేణువులను చుట్టి పట్టుకుంటాయి. ఆ పట్టు చల్లదనం ఉన్నంతసేపే నిలుస్తుంది. అందుకే మాంసం, గిన్నె, బ్లేడు అన్నిటినీ ముందే ఫ్రీజర్‌లో పెడతారు. రుబ్బేటప్పుడు ఐసు తునకలు వేస్తారు. సాసేజ్ తరహా మెత్తటి మిశ్రమానికి అయిదు పాళ్లు కండ, నాలుగు పాళ్లు కొవ్వు, మూడు పాళ్లు ఐసు అన్నది చెఫ్‌లకు కంఠతా వచ్చే లెక్క. ఈ బల్ల దగ్గర వినిపించే మాటలు దాదాపు ఇలాగే ఉంటాయి:

“చెఫ్, ఇంకొంచెం తిప్పనా?”

“ముందు థర్మామీటర్ గుచ్చి చూడరా. ఎంతుంది?”

“పదహారు చెఫ్.”

“ఆపేయ్! గిన్నెతో సహా ఫ్రీజర్‌లో పెట్టు. ఇది ఒకసారి విరిగిందంటే ఎవరొచ్చినా అతకలేరు.”

విరగడం అప్పుడు కంటికి కనిపించకపోవడమే ఇందులోని చిక్కు. మిశ్రమం మెత్తగానే ఉంటుంది. మర్నాడు ముక్క కోసినప్పుడు బయటపడుతుంది. కొవ్వు కారిపోయి ముక్క పిండి పిండిగా రాలుతుంది. కాబట్టి చిన్న ఉండ తీసి నీళ్లలో ఉడికించి, ఐసు మీద చల్లార్చి, నోట్లో వేసుకుని చూశాకే కోడిలో నింపుతారు. మధ్యమధ్యలో పిస్తాలు, నాలుక మాంసం ముక్కలు అమర్చి, చర్మంతో చుట్టి, పల్చటి నూలు గుడ్డలో బిగించి, పురికొసతో కడతారు. ఆపైన స్టాక్‌లో, అంటే ఎముకలు ఉడికించిన రసంలో ఉడకబెట్టడం. స్టాక్ తెర్లకూడదు, 80 డిగ్రీల లోపే ఉండాలి. మధ్యలో గుచ్చిన ప్రోబ్ 74 డిగ్రీలు చూపించాక దించి, అదే స్టాక్‌తో సహా ఐసు నీళ్లలో పెట్టి త్వరగా చల్లార్చి, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచుతారు.

రెండో రోజు పని ఆస్పిక్‌ది, అంటే పైన పోసే పారదర్శకమైన జెల్లీది. కాళ్లు, ఎముకలు, చర్మం గంటల తరబడి సన్నటి సెగ మీద ఉడికితే జెలటిన్ దిగుతుంది. కానీ ఆ స్టాక్ మబ్బుగా ఉంటుంది. దాన్ని తేర్చే పద్ధతి నాకు వంటగదిలోకెల్లా అందమైన దృశ్యం. చల్లటి స్టాక్‌లో గుడ్డు తెల్లసొన, కైమా, సన్నగా తరిగిన కూరగాయలు, టమాటా కలిపి మెల్లగా వేడి చేస్తారు. గోరువెచ్చన దాటేవరకూ అడుగంటకుండా కలుపుతూ ఉండి, ఆ తర్వాత గరిటె తీసేస్తారు. తెల్లసొన గడ్డకడుతూ, మబ్బుకు కారణమైన సన్నటి రేణువులన్నిటినీ తనలోకి లాక్కుని, మందపాటి తెట్టులా పైకి తేలుతుంది. ఆ తెట్టుకు ఒక పక్కన చిన్న కన్నం పెడితే, కింద నుంచి బంగారు రంగు ద్రవం బుడగలతో తొంగిచూస్తుంది. గంట తర్వాత ఆ కన్నంలోంచే గరిటెతో తోడి గుడ్డలో వడగడతారు. ఇక్కడ తొందరపడి గుడ్డ పిండితే పడిన శ్రమంతా మబ్బు పాలవుతుంది. గిన్నె అడుగున వేసిన బిళ్ల మీద సంవత్సరం చదవగలిగేంత తేట రావాలంటారు చెఫ్‌లు.

బిగువుకూ లెక్కుంది. లీటరుకు 15 గ్రాముల జెలటిన్ ఉంటే నోట్లో ఇట్టే కరిగే మెత్తటి జెల్లీ వస్తుంది. 30 గ్రాములకు మాంసం మీద పూతలా నిలుస్తుంది. 45 దాటితే కత్తితో కోయవచ్చు. ఎంత అనుభవం ఉన్నా ఒక చెంచాడు పళ్లెంలో పోసి ఫ్రిజ్‌లో పెట్టి చూడందే ముందుకు వెళ్లరు. పచ్చి అనాసో, బొప్పాయో తగిలితే వాటిలోని ఎంజైములు జెలటిన్‌ను తెంచేస్తాయి, ఆ జెల్లీ ఎన్ని గంటలు పెట్టినా గట్టిపడదు. పూత పోయడానికి జెల్లీని ఐసు మీద తిప్పుతూ నూనెలా చిక్కబడే క్షణం కోసం కాచుకుంటారు. ముందు పోస్తే జారిపోతుంది. ఆలస్యమైతే ముద్దలు కడుతుంది.

మన దగ్గర ఇంకో రెండు చిక్కులు ఉన్నాయి. జెలటిన్ జంతువుల నుంచి వచ్చేది కనుక శాకాహారులకు పనికిరాదు. పైగా అది 35 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మే నెలలో హైదరాబాద్‌లోనో విజయవాడలోనో లాన్‌లో పెళ్లి విందంటే జెల్లీ పళ్లెం బయటపెట్టిన కాసేపటికే నీరవుతుంది. అక్కడ సముద్రపు నాచు నుంచి తీసే అగర్ అగర్ అక్కరకొస్తుంది. బజారులో చైనా గ్రాస్‌గా దొరికేది అదే. ఒకసారి గడ్డకడితే 85 డిగ్రీల దాకా కరగదు. ఆ గుణమే దాని లోపం కూడా. నోటి వేడికి కరగదు కాబట్టి నాలుక మీద విరుగుతుందే తప్ప జారదు. అగర్‌ను తక్కువ మోతాదులో వాడి ఆ బిరుసు తెలియకుండా చేయగలిగిన చెఫ్‌ను నేను గాలంటీన్ చేసేవాడితో సమానంగా గౌరవిస్తాను.

చలికి నాలుక మందగిస్తుంది

గాలంటీన్ కోసం ఉడికించిన ఫోర్స్‌మీట్ ఉండను చల్లార్చే రుచి చూడటానికి కారణం ఉంది. తీపినీ చేదునీ మెదడుకు చేరవేసే పనిలో టీఆర్‌పీఎం5 అనే ప్రొటీన్ పాత్ర పెద్దది. చలిలో అది మందకొడిగా, వేడిలో చురుగ్గా పనిచేస్తుంది. కరిగిపోయిన ఐస్‌క్రీమ్ వెగటుగా తియ్యగా అనిపించేది ఇందుకే. వాసనల సంగతీ అంతే. చల్లటి పదార్థం నుంచి సువాసన గాలిలోకి ఎగరదు. వేడిగా ఉన్నప్పుడు సరిపోయిన సూప్‌ను ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే చప్పగా ఉంటుంది. కాబట్టి చల్లగా వడ్డించే దేనికైనా ఉప్పు, పులుపు ఒక మెట్టు పైన ఉండాలి. వడ్డించే చల్లదనంలోనే రుచి చూసి తేల్చుకోవాలి. పెళ్లి బఫేల్లో సలాడ్ బల్ల వెలవెలబోవడానికి జనానికి సలాడ్ అంటే గిట్టకపోవడం కారణం కాదని నా నమ్మకం. దాన్ని చల్లగా ఉన్నప్పుడు ఎవరూ రుచి చూడకపోవడమే కారణం.

ఆకుల దగ్గరా అదే నిర్లక్ష్యం. వాడిన లెట్యూస్‌ను ఐసు నీళ్లలో ముంచితే కణాల్లోకి నీరు చేరి మళ్లీ పెళుసుగా నిలబడుతుంది. ఆ తర్వాత ఆకు మీద తడి లేకుండా గిర్రున తిప్పి ఆరబెట్టాలి. తడి ఆకు మీద నూనె నిలవదు, డ్రెస్సింగ్ అంతా గిన్నె అడుగుకు చేరుతుంది. కలపడం వడ్డించే ముందే జరగాలి, ఎందుకంటే నూనె ఆకు పైనున్న సహజమైన మైనపు పొరను దాటి లోపలికి ఇంకి ఆకును వాడ్చేస్తుంది.

ఉప్పు చేసే వంట

నార్వే, స్వీడన్ వైపు నుంచి వచ్చిన గ్రావ్‌లాక్స్ తయారీకి పొయ్యి అక్కర్లేదు. సాల్మన్ చేప చెక్క మీద ఉప్పు, చక్కెర, సోయకూర దట్టంగా పరిచి, బరువు పెట్టి రెండు మూడు రోజులు ఫ్రిజ్‌లో వదిలేస్తారు. ఉప్పు చేపలోని నీటిని లాగేస్తుంది. కండ బిగిసి, నిగారింపు వచ్చి, కాగితమంత పల్చగా కోసే వీలు కలుగుతుంది. ఆవకాయ పెట్టే ఇంట్లో పెరిగినవాళ్లకు ఈ సూత్రం కొత్తగా చెప్పనక్కర్లేదు. పచ్చి మామిడి ముక్క, ఉప్పు, ఆవపిండి, నూనె, పొడి గుడ్డతో ఒక్కో ముక్కనూ తుడిచే అమ్మమ్మ చేతి జాగ్రత్త, అంతా నిప్పు తగలని వంటే. తేడా అల్లా మామిడికాయకు దాని పులుపు కాపలా ఉంటుంది, చేపకు ఉండదు. చేప కండలో ఉండే పురుగులను ఉప్పు పూర్తిగా చంపలేదు. అందుకే పచ్చిగా వడ్డించే చేపను ముందుగా సున్నాకు 20 డిగ్రీల కింద ఏడు రోజులు గడ్డకట్టించాలని అమెరికా ఆహార నియమావళి చెబుతుంది. ఇలా గడ్డకట్టించడాన్ని తాజాదనానికి లోటుగా చూసే అతిథులు ఉంటారు. వాళ్లకు నచ్చజెప్పడం కూడా చెఫ్ పనే.

బండి దాకా వచ్చిన మయొనీజ్

ఈ గదిలో పుట్టిన వంటకాల్లో మన వీధుల్ని జయించింది మయొనీజ్. గుడ్డు పచ్చసొన, నూనె, వెనిగర్ లేదా నిమ్మరసం. నూనెనూ నీటినీ కలిపి ఉంచే లెసిథిన్ పచ్చసొనలో ఉంటుంది. మొదట నూనెను చుక్క చుక్కగా వేస్తూ గిలకొడితే, అది కంటికి కనిపించని బిందువులుగా చీలి చిక్కటి ముద్దవుతుంది. ఎక్కడా ఉడకదు. సాల్మొనెల్లా క్రిమి పెంకు మీదే కాదు, పగలని గుడ్డు లోపల కూడా ఉండవచ్చు. హోటళ్లు అందుకే పాశ్చరైజ్ చేసిన పచ్చసొన వాడతాయి. గుడ్డు గట్టిపడని 57 డిగ్రీల వేడి దగ్గర గంటకు పైగా ఉంచితే క్రిమి చస్తుంది, గుడ్డు పచ్చిగానే మిగులుతుంది.

2024 అక్టోబరులో హైదరాబాద్‌లో మోమోలు తిని ఒక మహిళ చనిపోయింది, పలువురు ఆసుపత్రుల పాలయ్యారు. ఆ నెల 30న తెలంగాణ ప్రభుత్వం పచ్చి గుడ్డుతో చేసే మయొనీజ్ తయారీనీ నిల్వనూ అమ్మకాన్నీ ఏడాదిపాటు నిషేధించింది. కేరళ 2023 జనవరిలోనే ఆ పని చేసింది. 2025 ఏప్రిల్‌లో తమిళనాడూ అదే దారి పట్టింది. నిషేధం సరైనదే. అయితే గుడ్డును దోషిగా నిలబెట్టి ఊరుకుంటే అసలు సంగతి దాటిపోతుంది. వంటకం చల్లటి గదిలోంచి వీధికి వచ్చింది. దానితోపాటు రావాల్సిన థర్మామీటరూ, ఐసు పెట్టే, గడియారమూ రాలేదు. మధ్యాహ్నం గిలకొట్టిన ముద్ద అర్ధరాత్రి దాకా బండి మీద, పొయ్యి పక్కనే ఉంటుంది. చెంచా అందులోనే ఉంటుంది. డబ్బులు తీసుకున్న చేయే క్యాబేజీ వేస్తుంది.

ఆ చేతి గురించి ఒక మాట. మన చర్మం మీదా ముక్కులోనూ ఉండే స్టెఫైలోకాకస్ అనే క్రిమి ఆహారంలో పెరిగితే విషాన్ని విడుస్తుంది. తర్వాత వేడి చేస్తే క్రిమి చస్తుందే కానీ ఆ విషం విరగదు. వేలికి చిన్న గాటు పడ్డా రంగు ప్లాస్టర్ వేసి, దాని మీద గ్లవ్ తొడిగితే తప్ప కోల్డ్ కిచెన్‌లో బల్ల ముందు నిలబడనివ్వరు. ఈ విషయంలో పొయ్యి కూడా చేసేదేమీ లేదని బండి నడిపేవాళ్లకు ఎవరో ఒకరు కూర్చోబెట్టి చెప్పాలి. జరిమానా రసీదు ఆ పని చేయలేదు. లెబనాన్‌లో షవర్మాతో ఇచ్చే తూమ్ అనే వెల్లుల్లి సాస్‌లో గుడ్డే ఉండదు. వెల్లుల్లి, ఉప్పు, నిమ్మరసం, నూనె, అంతే. తెల్లగా, నురగలా, మయొనీజ్‌ను మరిపించేలా వస్తుంది. రోజు సరుకు రోజే చేసి ఐసులో పెట్టుకుంటే చాలు. మన హోటల్ మేనేజ్‌మెంట్ కాలేజీలు ఏడాదికి ఒక్కరోజు తమ లార్డర్ తలుపులు బండివాళ్ల కోసం తెరిచి ఈ ఒక్క సాస్ నేర్పినా, నిషేధం చేయలేని మేలు జరుగుతుంది.

గడియారం కింద

5 డిగ్రీలకూ 60 డిగ్రీలకూ మధ్య ఉన్న వేడి క్రిములకు పండగ. వండినదాన్ని చల్లగా వడ్డించాలంటే ఆ మధ్య దారిని వేగంగా దాటించాలి. 57 నుంచి 21 డిగ్రీలకు రెండు గంటల్లో, అక్కడి నుంచి 5 డిగ్రీలకు మరో నాలుగు గంటల్లో దిగాలన్నది అమెరికా నియమావళి పెట్టిన లెక్క. నలభై లీటర్ల స్టాక్ గిన్నెను అలాగే ఫ్రిజ్‌లో పెడితే తెల్లారేదాకా నడిమధ్యలో వేడి దాక్కునే ఉంటుంది, పైగా పక్కనున్న సరుకునూ వేడెక్కిస్తుంది. అందుకే వెడల్పాటి ట్రేల్లో పల్చగా పోస్తారు, లేదంటే బ్లాస్ట్ చిల్లర్‌లోకి తోస్తారు. ఫ్రిజ్‌లోకి చేరితే గండం గడిచినట్టూ కాదు. లిస్టీరియా అనే క్రిమి అక్కడి చలిలో కూడా నెమ్మదిగా పెరుగుతుంది. ప్రతి డబ్బా మీద తేదీ, వేళ, చేసినవాడి సంతకం ఉన్న చీటీ అతికించేది దానికోసమే. చీటీ లేని డబ్బా కనిపిస్తే లోపల ఏముందో అడగకుండా పారేసే చెఫ్‌లు ఉన్నారు. కుర్రాళ్లు వాళ్లను చండశాసనులంటారు.

బఫే మూసే వేళకు అసలు పరీక్ష వస్తుంది. చల్లదనం తప్పి నాలుగు గంటలు బల్ల మీద ఉన్న ట్రేలు వెనక్కి వస్తాయి. సగానికి సగం మిగిలిన రొయ్యల సలాడ్, కోయని టెరీన్ ముక్కలు. చూడటానికి బాగానే ఉంటాయి, వాసనా ఉండదు. ఖర్చుల లెక్క చూసే మేనేజర్ రాత్రి స్టాఫ్ భోజనానికి పెట్టొచ్చు కదా అంటాడు. అతని మాటలోనూ న్యాయం కనిపిస్తుంది, ఆహారం పారేయడం ఎవరికీ ఇష్టం ఉండదు. ఆ కొంచెం న్యాయానికి కూడా లొంగకుండా ట్రేను చెత్తబుట్టలోకి వంచగలగడం ఈ ఉద్యోగంలో భాగం. తెలివైన చెఫ్ ఆ నష్టాన్ని మర్నాటి నుంచి ఇంకోలా తగ్గిస్తాడు. పెద్ద ట్రే మానేసి చిన్నవి పెడతాడు, ఖాళీ అయిన కొద్దీ ఫ్రిజ్‌లోంచి కొత్తవి తెప్పిస్తాడు. ఈసారి ఏదైనా బఫేకు వెళ్లినప్పుడు సలాడ్ గిన్నెలు చిన్నగా ఉండి, ఐసులో సగం దాకా దిగి, పదే పదే మారుతూ కనిపిస్తే నిశ్చింతగా వడ్డించుకోండి.